గోలక్‌నాథ్ తీర్పు చెప్పిన మన తెలుగు జడ్జి

ఆ మధ్య ఒక పల్లెటూళ్ళో మా వ్యవసాయ కార్మిక సంఘం తరగతి జరిగింది. చదువుకున్నవాళ్ళు తక్కువ, పనిలోంచి నేరుగా వచ్చి కూర్చున్నవాళ్ళు ఎక్కువ. భూసంస్కరణల చట్టం గురించి మేము చెబుతుంటే ఒక పెద్దమ్మ మధ్యలో లేచి అడిగింది. మేము ఓట్లు వేశాం, గెలిచినవాళ్ళు చట్టం చేశారు, ఆఫీసర్లు వచ్చి కొలిచి ఇది మిగులు భూమి అన్నారు, మాకు పట్టాలు రాస్తామన్నారు. ఇంతలో కోర్టు నుంచి స్టే వచ్చింది. పద్దెనిమిదేళ్ళయింది, మా ఆయన పోయాడు, భూమి కామందు చేతిలోనే వుంది. ఆ జడ్జికి మేమెవరం ఓటేశామని ఆయన ఆపాడు? అదీ ఆమె ప్రశ్న.

దానికి మేము జవాబు చెప్పబోయేలోగా వెనక వరసలోని కుర్రవాడు అందుకున్నాడు. పోయినేడు కూలిరేట్ల సమ్మెలో తననూ ఇంకొకర్నీ పోలీసులు పట్టుకుపోయి ఎక్కడ వుంచిందీ చెప్పలేదనీ, వకీలుగారు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశాకనే బయటకు తెచ్చి చూపించారనీ చెప్పాడు. ఆ రోజున కోర్టే లేకపోతే మా ఎముకలు మిగిలేవి కావన్నాడు.

ఇద్దరూ చెప్పింది నిజమే. పట్టాను ఆపిందీ, ప్రాణాన్ని కాపాడిందీ ఒకే కుర్చీ. ప్రభుత్వం చేసిన చట్టాన్నీ, ప్రభుత్వం చేసిన పనినీ రాజ్యాంగంతో సరిచూసి, సరిపడకపోతే చెల్లదని చెప్పే అధికారం కోర్టులకు వున్నది. దాన్నే న్యాయ సమీక్ష అంటారు. ఈ అధికారం మనకు మిత్రువా, శత్రువా? ఈ ప్రశ్నకు పుస్తకాల్లో కంటే ఒక మనిషి జీవితంలో జవాబు బాగా దొరుకుతుంది. ఆయన మన తెలుగువాడు. పేరు కోకా సుబ్బారావు.

గోదావరి గట్టు నుంచి ఢిల్లీ దాకా

సుబ్బారావుగారు 1902 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి వకీలు, కొడుకు చిన్నతనంలోనే చనిపోయాడు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో చదివి, మద్రాసు లా కాలేజీలో న్యాయశాస్త్రం పూర్తిచేసి, మామగారి ఆఫీసులో వకీలుగా చేరారు. ఆయన బావమరిది పి.వి. రాజమన్నార్ తర్వాతి కాలంలో మద్రాసు హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అంటే చదువూ, పలుకుబడీ, వకీలు వృత్తీ వున్న కుటుంబాల నుంచి వచ్చిన మనిషే. పొలం గట్టున కూలి డబ్బుల కోసం నిలబడ్డవాడు కాదు. దీన్ని ఆయన తప్పుగా మేము చెప్పటం లేదు. ఆనాడు హైకోర్టు మెట్లెక్కగలిగినవాళ్ళు చాలావరకు అటువంటి ఇళ్ళవాళ్ళే అన్న సంగతి గుర్తుంచుకోమంటున్నాము.

1948లో ఆయన మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలుకు పోతే హైకోర్టు గుంటూరుకు వచ్చింది. 1954 జూలై 5న గుంటూరులో మొదలయిన ఆ హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావుగారే. అప్పటిదాకా మన జిల్లాల కక్షిదారు పెద్ద కోర్టుకు పోవాలంటే మద్రాసు రైలెక్కాలి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైకోర్టు హైదరాబాదుకు మారింది, ఆయనా మారారు. 1958 జనవరి 31న సుప్రీంకోర్టు జడ్జిగా ఢిల్లీ వెళ్ళారు.

వెళ్ళిన ఏడాదే ఆయన రాసిన ఒక తీర్పు మన రాష్ట్రానిదే. కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సులు తిరిగే రూట్లను ఆర్టీసీకి ఇవ్వటానికి ప్రభుత్వం స్కీము వేసింది. బస్సుల యజమానులు అభ్యంతరం చెప్పారు. వాళ్ళ మాట విన్నది రవాణా శాఖ సెక్రటరీ. నిర్ణయం చేసింది ఆ శాఖను చూస్తున్న ముఖ్యమంత్రి. స్కీము తెచ్చిన శాఖవాడే విచారణ జరపటమేమిటి, విన్నవాడొకడు నిర్ణయించేవాడు మరొకడు అయితే అది వినటమెట్లా అవుతుంది అని సుబ్బారావుగారి తీర్పు అడిగింది. అయిదుగురు జడ్జిల్లో ముగ్గురు ఆ మాట మీద నిలబడ్డారు, ప్రభుత్వం ఓడింది.

బస్సుల యజమానుల మీద మనకు ప్రేమ అక్కర్లేదు. ప్రజల బస్సు ప్రజల చేతిలో వుండాలన్నది మన మాట. కాని ఆ తీర్పులోని న్యాయం బస్సుల దగ్గర ఆగిపోదు. మన పేదవాడి అసైన్డు పట్టాను నోటీసివ్వకుండా, మాట వినకుండా ఏ ఆఫీసరయినా రద్దు చేసినప్పుడు మన వకీలు లేచి చెప్పేది ఈ న్యాయమే. డబ్బున్నవాడు తవ్వుకున్న బావిలో ఒక్కొక్కసారి మనమూ చేద వేసుకోవచ్చు.

నీటి తీరువా కట్టవద్దన్నందుకు

రైతు పేజీ చదివేవాళ్ళందరూ తెలుసుకోవలసిన కేసు మరొకటి వుంది. 1954లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కాలువ నీటి రేట్లు పెంచింది. సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియా ఫరూకాబాదులో సభలు పెట్టి, పెంచిన తీరువా కట్టవద్దని రైతులకు చెప్పారు. ప్రభుత్వం ఆయన్ని పట్టుకుని జైల్లో పెట్టింది. ఏ చట్టం కింద? 1932 నాటి ప్రత్యేక అధికారాల చట్టం కింద. అది శాసనోల్లంఘన రోజుల్లో తెల్లవాళ్ళు చేసినది. ప్రభుత్వానికి రావలసిన బాకీని కట్టవద్దని ఎవరన్నా చెబితే నేరమని అందులో వుంది. తెల్లవాళ్ళు పోయారు, కొరడా ఇంట్లోనే వుండిపోయింది.

అలహాబాదు హైకోర్టు లోహియాను విడుదల చేసింది. ప్రభుత్వం వూరుకోక సుప్రీంకోర్టుకు పోయింది. 1960 జనవరిలో తీర్పు వచ్చింది, రాసినది సుబ్బారావుగారు. ఒక పన్ను కట్టవద్దంటే రేపు ఇంకో పన్ను కట్టరు, ఎల్లుండి అల్లర్లవుతాయి, ఆపైన ప్రభుత్వమే కూలిపోతుంది అన్నది సర్కారు వాదన. అంత దూరపు వూహ మీద మనిషి నోరు కట్టెయ్యటానికి వీల్లేదనీ, మాటకూ అల్లరికీ దగ్గర సంబంధం కనిపించాలనీ ఆయన తేల్చారు. ఆ సెక్షను కొట్టివేశారు.

ఆలోచించండి. నీటి తీరువా పెంచితే ధర్నా చెయ్యమని, కరెంటు చార్జీలు కట్టవద్దని మన రైతు సంఘాలు ఎన్నిసార్లు పిలుపునివ్వలేదు! ఆ పిలుపు దానికదే నేరం కాదని ఈ రోజు మనం ధైర్యంగా వాదించగలుగుతున్నామంటే, దానికి పునాదిరాళ్ళలో ఒకటి ఆ తీర్పు.

అర్ధరాత్రి తలుపు తట్టిన కేసు

ఇంకో కేసు ఖరక్‌సింగ్‌ది. ఈయన కూడా ఉత్తరప్రదేశ్‌వాడే. 1941లో ఒక దోపిడి కేసులో పట్టుకున్నారు, సాక్ష్యం లేదని వదిలేశారు. వదిలేశారేగాని పోలీసులు ఆయన పేరుమీద హిస్టరీ షీటు తెరిచారు. చౌకీదార్లూ కానిస్టేబుళ్ళూ రాత్రిళ్ళు వచ్చి తలుపు కొట్టేవారు, నిద్ర లేపేవారు. పొరుగూరు పోవాలన్నా చెప్పి పోవాలి. ఆయన సుప్రీంకోర్టుకు ఎక్కాడు. 1962 డిసెంబరులో తీర్పు వచ్చింది. రాత్రిపూట ఇంటికి పోవటం మాత్రం చెల్లదనీ, మిగిలిన నిఘా చెల్లుతుందనీ ఎక్కువమంది జడ్జీలు చెప్పారు. సుబ్బారావుగారూ, జస్టిస్ షా గారూ ఒప్పుకోలేదు. మనిషిని నీడలా వెంటాడుతూ, చేతులకు సంకెళ్ళు వెయ్యలేదు గనుక స్వేచ్ఛగానే వున్నాడనటం కుదరదనీ, ఎవరి బతుకు వారు గుట్టుగా బతకటం కూడా స్వేచ్ఛలో భాగమేననీ సుబ్బారావుగారు రాశారు. మొత్తం నిబంధననే కొట్టెయ్యాలన్నారు. ఆనాడు అది తక్కువమంది మాట, చెల్లలేదు.

హిస్టరీ షీటు అంటే ఏమిటో మా వాళ్ళకు విడమర్చి చెప్పనక్కర్లేదు. కూలి సంఘం పెట్టినందుకే రౌడీ షీటు తెరిపించుకున్నవాళ్ళు మాలో వున్నారు.

1962 చైనా యుద్ధంతో అత్యవసర పరిస్థితి వచ్చింది. దేశ రక్షణ నిబంధనల పేరుతో ఎందరినో విచారణ లేకుండా జైళ్ళకు పంపారు, వారిలో కమ్యూనిస్టులు చాలామంది. మమ్మల్ని ఎందుకు పెట్టారని కోర్టుకు పోతే, ప్రాథమిక హక్కుల కోసం కోర్టుకు పోయే దారిని రాష్ట్రపతి ఉత్తర్వు మూసేసిందని సర్కారు అన్నది. 1963లో మఖన్‌సింగ్ కేసులో ఏడుగురు జడ్జీలు కూర్చున్నారు. ప్రభుత్వం దురుద్దేశంతో పట్టుకున్నదని చూపిస్తే వింటామన్న సందు మాత్రం వుంచి, మిగతా దారి మూతపడినట్లేనని ఆరుగురు చెప్పారు. క్రిమినల్ ప్రొసీజర్ కోడు కింద హైకోర్టును ఆశ్రయించే పాత దారి ఇంకా తెరిచే వుందని విడిగా నిలబడి రాసింది సుబ్బారావు ఒక్కరే. జైల్లో వున్నవాడు ఏ పార్టీవాడన్నది ఆయన చూడలేదు.

భూమి దగ్గరకొచ్చేసరికి

ఇంతవరకు విన్నవాళ్ళు ఈయన మనవాడే అనుకోవచ్చు. ఇప్పుడు భూమి సంగతికి వద్దాము.

మొదటినుంచీ భూసంస్కరణలకు కోర్టులు అడ్డు తగులుతూనే వచ్చాయి. బీహారు జమీందారీ రద్దు చట్టాన్ని 1951లో పాట్నా హైకోర్టు కొట్టేసింది. వెంటనే అదే ఏడు పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణ చేసి తొమ్మిదో షెడ్యూలు పెట్టింది. అందులో చేర్చిన చట్టం ప్రాథమిక హక్కులకు తగలుతుందన్న కారణంతో చెల్లకుండా పోదని ఆనాటి సవరణ చెప్పింది. అది భూచట్టాలకు వేసిన ముళ్ళకంచె వంటిది. తర్వాత కేరళ చట్టానికీ, మద్రాసు భూపరిమితి చట్టానికీ కోర్టుల్లో దెబ్బ తగిలింది. 1964లో పదిహేడో సవరణతో ఇంకో 44 చట్టాలను కంచెలోకి తెచ్చారు. మన ఆంధ్రప్రదేశ్ 1961 భూపరిమితి చట్టం కూడా వాటిలో వుంది.

ప్రభుత్వం తీసుకున్న ఆస్తికి నష్టపరిహారం న్యాయమైన విలువకు సరితూగేదిగా వుండాలన్న వాదానికి సుబ్బారావుగారు గట్టిగా కట్టుబడ్డారు. 1964లో వజ్రవేలు ముదలియార్ కేసులో ఆయన రాసిన తీర్పు ఆ దారిలోదే. ఆస్తిహక్కు కూడా మాటకూ నోటికీ వున్న హక్కు వంటిదే, రెంటినీ ఒకే చూపుతో కాపాడాలన్నది ఆయన నమ్మకం. 1966 జూన్ 30న ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ నమ్మకానికి పెద్ద పరీక్ష అప్పుడు వచ్చింది.

పంజాబులో జలంధరు ప్రాంతంలో హెన్రీ గోలక్‌నాథ్ అనే ఆయనకు పెద్ద భూమి వుండేది. 1953 నాటి పంజాబు చట్టం ప్రకారం మనిషికి 30 స్టాండర్డు ఎకరాలే పరిమితి. హెన్రీ చనిపోయాక వారసుల చేతిలో 418 స్టాండర్డు ఎకరాలకు పైగా మిగులు వున్నదని 1962లో రెవిన్యూ అధికారి తేల్చాడు. వారసులు సుప్రీంకోర్టుకు పోయారు. ఈ చట్టమే కాదు, దానికి కాపలాగా పెట్టిన రాజ్యాంగ సవరణలే చెల్లవన్నారు. పదకొండుగురు జడ్జీలు విన్నారు. 1967 ఫిబ్రవరి 27న ఆరుగురు ఒకవైపు, అయిదుగురు మరోవైపు నిలిచారు. ఒకే ఒక్క జడ్జి తేడాతో తీర్పు పడింది.

సుబ్బారావుగారి తీర్పు రెండు మాటలు చెప్పింది. మొదటిది, ప్రాథమిక హక్కులను తీసెయ్యటానికిగాని తగ్గించటానికిగాని పార్లమెంటుకు అధికారం లేదు, రాజ్యాంగ సవరణ పేరుతో చేసినా సరే. రెండోది, ఈ న్యాయం ఇవాళ్టినుంచే అమలవుతుంది, అంతకుముందు చేసిన సవరణలూ, వాటి నీడన పంచిన భూములూ చెక్కు చెదరవు. పదిహేడేళ్ళుగా జరిగిన భూమార్పులన్నీ ఒక్క దెబ్బకు తలకిందులయితే దేశం గందరగోళమవుతుందని ఆయనకు తెలుసు. అందుకే అమెరికా న్యాయశాస్త్రం నుంచి ఈ ఎత్తు తెచ్చుకున్నారు.

ఇక్కడ మా వాళ్ళలో చాలామంది పొరపాటు పడతారు. గోలక్‌నాథ్ తీర్పు భూసంస్కరణలను కొట్టేసిందని ఉపన్యాసాల్లో చెబుతారు. అది నిజం కాదు. గోలక్‌నాథ్ వారసులు ఆ కేసులో ఓడిపోయారు. వారి మిగులు భూమి మిగులు భూమిగానే వుండిపోయింది. నిజమైన దెబ్బ వేరే చోట తగిలింది. ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల జాబితాలో వున్నంతకాలం దాని జోలికి పార్లమెంటు కూడా పోలేదన్నమాట. పంచినదాన్ని వెనక్కి లాగలేదు, ఇకముందు వెయ్యబోయే కంచెకు మాత్రం గుంజ పాతనివ్వలేదు. 1971లో ఇరవై నాలుగో సవరణ వచ్చేదాకా పరిస్థితి అదే.

తీర్పు చెప్పిన ఆరు వారాలకు, 1967 ఏప్రిల్ 11న, పదవీకాలం ఇంకా మిగిలి వుండగానే సుబ్బారావుగారు రాజీనామా చేశారు. ముందురోజే, విదేశాలకు పోవటం పౌరుడి హక్కేననీ, పాస్‌పోర్టు ఇవ్వటం మానటం ప్రభుత్వం ఇష్టం కాదనీ చెప్పిన తీర్పు వచ్చింది. రాజీనామా దేనికంటే, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చెయ్యటానికి. ఆయన్ని నిలబెట్టినవాళ్ళలో ముందున్నది భూపరిమితిని బాహాటంగా వ్యతిరేకించిన స్వతంత్ర పార్టీ. జాకీర్ హుస్సేన్‌గారి చేతిలో ఓడిపోయారు. న్యాయపీఠం దిగీ దిగగానే ఎన్నికల్లోకి దిగటం తగదని ఆనాడు చాలామంది అన్నారు. మేమూ అదే అంటాము. తక్కెడ పట్టుకున్నవాడు తక్కెడ కింద పెట్టగానే సరుకు బేరానికి దిగితే, తూకం మీద అనుమానం రావటం సహజం.

ఆయన పోయాక ఏమయింది

కేరళలో కాసరగోడు దగ్గరి ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి భూచట్టాల మీద వేసిన కేసులో 1973 ఏప్రిల్ 24న పదమూడుగురు జడ్జీలు గోలక్‌నాథ్ తీర్పును పక్కన పెట్టారు. పార్లమెంటు ప్రాథమిక హక్కులను కూడా సవరించవచ్చు, కాని రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని చెరపకూడదు అన్నారు. ఇదీ ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు తేల్చిందే. 1978లో నలభై నాలుగో సవరణతో ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేశారు. సుబ్బారావుగారు విడదీయకూడదనుకున్న రెండు హక్కులను దేశం విడదీసింది. మాటా, ప్రాణమూ ఒక గట్టున వుండిపోయాయి, ఎకరాలు ఇంకో గట్టుకు పోయాయి. మా దృష్టిలో అది సరయిన పని.

మన రాష్ట్రపు 1973 చట్టం మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు పరిమితి పెట్టింది. దాన్ని కూడా తొమ్మిదో షెడ్యూలు కంచెలోకి చేర్చారు. అయినా భూమి ఎందుకు రాలేదు? పెద్ద రాజ్యాంగ తీర్పుల వల్ల కాదు. కుక్కల పేరునా పిల్లుల పేరునా రాసిన బినామీల వల్లా, తప్పుడు డిక్లరేషన్ల వల్లా, అప్పీలు మీద అప్పీలు, స్టే మీద స్టే వల్లా. సుబ్బారావు ఒక్కడి మీద నెపం వేస్తే అసలు దొంగలు తప్పించుకుంటారు.

1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టారు. డిటెన్యూలు హైకోర్టులకు పోయారు. తొమ్మిది హైకోర్టులు వారి మాట వింటామన్నాయి. సర్కారు సుప్రీంకోర్టుకు పోయింది. ఎమర్జెన్సీలో అక్రమంగా పట్టుకున్నా హెబియస్ కార్పస్ అడిగే దిక్కు లేదని 1976 ఏప్రిల్ 28న నలుగురు జడ్జీలు తీర్పు చెప్పారు. కాదన్నది జస్టిస్ ఖన్నా ఒక్కరే. పదమూడేళ్ళ కిందట సుబ్బారావు ఒంటరిగా నిలబడ్డ చోటుకు దగ్గరలోనే ఇప్పుడు ఖన్నా ఒంటరిగా నిలబడ్డారు. ఆ తీర్పు వచ్చిన ఎనిమిదో రోజున, మే 6న, సుబ్బారావుగారు చనిపోయారు.

కథ అక్కడితో ఆగలేదు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని, గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. ఖరక్‌సింగ్ కేసులో సుబ్బారావుగారు రాసిన తక్కువమంది మాటే సరయినదని అందులో ఒప్పుకున్నారు. ఆ కేసులోనే 1976 నాటి హెబియస్ కార్పస్ తీర్పు తప్పని దాన్ని కొట్టేశారు. యాభై అయిదేళ్ళు పట్టింది.

ఇక పెద్దమ్మ ప్రశ్నకు మా జవాబు. అమ్మా, జడ్జికి మనం ఓటెయ్యలేదు, నిజమే. ఓటేసినవాడే మన నోరు నొక్కినప్పుడు ఓటు అవసరం లేనివాడు ఒకడు వుండాలి, అదీ నిజమే. సుబ్బారావుగారు ప్రభుత్వానికి భయపడలేదు. అందువల్లనే లోహియాను పట్టుకున్న చట్టాన్ని కొట్టేయగలిగారు. ఆ ధైర్యాన్నే ఎకరాలకు కాపలా పెట్టినప్పుడు ఆయన పొరపాటు చేశారు. కోర్టుకు అధికారం వద్దని మనం అనకూడదు, అంటే రేపు మన కుర్రవాళ్ళను వెతికేవాడుండడు. ఏ హక్కు కోసం ఆ అధికారం వాడాలన్నది మాత్రం మనం అడుగుతూనే వుండాలి. 1971లో, 1978లో సవరణలు వూరకే రాలేదు, భూమి కోసం దేశమంతా జరిగిన పోరాటాలు వాటి వెనక వున్నాయి.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడని మన పెద్దల మాట. అయినా పోక తప్పనప్పుడు వట్టి చేతులతో పోవద్దు. కొలతల కాగితం, పంచనామా, నోటీసు నకలు, సాగు చేస్తున్నట్లు రుజువులు దాచిపెట్టండి. వాయిదా రోజున ఒక్కరు కాకుండా వూరివాళ్ళు కలిసి పొండి. ఆ పెద్దమ్మ వూళ్ళో పద్దెనిమిదేళ్ళ స్టేను ఎత్తివెయ్యమని పిటిషన్ వెయ్యటానికి కాగితాలు పోగు చేస్తున్నాము. పంచనామా దొరికింది, నోటీసు నకలు ఇంకా దొరకాలి. వచ్చే వాయిదాకు లారీలోనయినా అందరమూ పోవాలని ఆ వూరి శాఖ తీర్మానం చేసింది.